పొద్దుతిరుగుడు చేనులో ఎనిమిది

పోయిన వారం విమలమ్మను ఎడపల్లిలో ఆమె చేను గట్టు మీద, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉండగా వదిలేసి, ఎవరి పొయ్యి వాళ్లం చూసుకోవడానికి పోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కొంగు కూడా ఉన్నచోటే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం, కూర మాడుతున్నా పట్టించుకోక సగం సగం చదివిన పాతవాళ్ల కోసం, నాలుగు ముక్కలు చెప్పుకుందాం. విమలమ్మ భర్త హన్మండ్లుకు ఒక ట్రాక్టర్ ఉంది. ఆడవాళ్ల పేరు మీద కొంటే ఏదో తగ్గింపు వస్తుందని ఎవరో చెబితే, కాగితాల మీద విమలమ్మ పేరు రాయించాడు. ఆ లెక్కన బండికి ఆమె యజమానురాలు. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం వరకే ఆ యజమానురాలి అధికారం. తాళంచెవి హన్మండ్లు మొలతాడుకు ఉంటుంది. తోలేది కిరాయి డ్రైవర్లు. వాళ్లు వచ్చిననాడు పని, రానినాడు తిట్లు. హన్మండ్లుకు బండి తోలడం రాదు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం.

సోయా కోత అయిపోయి చేను ఖాళీగా ఉన్నప్పుడు హన్మండ్లు కంటి ఆపరేషన్‌కని నిజామాబాద్ పోయాడు. ఒంటి మీద ఇనుము ముక్క ఉండొద్దని ఆసుపత్రిలో నర్సు మొలతాడు విప్పించి, తాళంచెవి తెచ్చి విమలమ్మ చేతిలో పెట్టింది. ఆ నర్సుకు పుణ్యముంటుంది. ఆయన నిజామాబాద్‌లోనే, కూతురు శ్రీవాణి ఇంట్లో నల్లద్దాలు పెట్టుకొని పండుకున్నన్ని రోజులూ, విమలమ్మ పక్కింటి గంగుబాయి దగ్గర ట్రాక్టర్ నేర్చుకుంది. గంగుబాయి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కోడలు. భర్త పోయాక సొంతంగా కిరాయికి ట్రాక్టర్ తోలుకొని బతుకుతున్న మనిషి. లైసెన్సు పరీక్షలో బండిని ఎనిమిది ఆకారంలో తిప్పి చూపియ్యాలని ఆమె చెబితే, విమలమ్మ ఖాళీ చేనులో ఎనిమిదులు తిప్పింది. అప్పుడే ముసురు పట్టింది. నల్లరేగడి నేల, నానింది. అయినా ఆపలేదు. "తడి నేల మీద నేర్చుకున్నోళ్లు పొడి నేల మీద మహారాణి లెక్కనే" అన్నది గంగుబాయి.

రేపు సోమవారం విమలమ్మకు పరీక్ష. ఈ సంగతి గంగుబాయికి తప్ప గాలికి కూడా తెలియదు. హన్మండ్లుకు తెలిస్తే తాళంచెవి మొలతాడు మీది నుంచి ఎక్కడికి పోతుందో, తన చేతికి మళ్లీ ఎప్పుడొస్తుందో ఆ పైవాడికే తెలియాలి. ఆయనకు ఇంకో కన్ను ఆపరేషన్ బాకీ ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోవడం భార్యగా ఆమెకు మర్యాద అనిపించలేదు.

ఇక గట్టు దగ్గరికి వద్దాం.

సోయా తర్వాత ఆ చేనులో వేసిన పొద్దుతిరుగుడు ఇప్పుడు పువ్వు మీద ఉంది. అందులోనే వచ్చింది చిక్కు. కొన్ని మొక్కలు మనిషి నెత్తి దాటి, తాంబాళమంత పువ్వు పెట్టాయి. కొన్ని మోకాలు దాటలేదు, వాటి పువ్వు చాయ్ సాసరంత. హన్మండ్లు మొదట దిష్టి అన్నాడు. గుమ్మడికాయ కట్టాడు, పాత చెప్పు వేలాడదీశాడు, ఒక కుండకు సున్నంతో మీసాలు పెట్టి కర్రకు తగిలించాడు. మొక్కలు వాటిని చూసి ఒక్క అంగుళం కూడా పెరగలేదు. అప్పుడాయనకు విత్తనాల మీద అనుమానం వచ్చింది. విత్తనాలు అమ్మింది బోధన్‌లో దుకాణం పెట్టుకున్న పరమేశ్వర్. విమలమ్మకు చిన్నాయన కొడుకు, అంటే హన్మండ్లుకు బావమరిది. బావమరిదిని తిట్టే అవకాశం ఊరికే రాదు కాబట్టి, హన్మండ్లు అతన్ని చేనుకు పిలిపించాడు. చుట్టుపక్కల రైతులను కూడా పిలిచాడు. వ్యవసాయ శాఖకు కూడా ఫోన్ చేశాడు.

"ఏం బావమర్దీ," అన్నాడు హన్మండ్లు, నడుము మీద చేతులు పెట్టుకొని. "కండ్ల ఆపరేషన్ అయినోడు, వీనికేం కనవడ్తది అనుకున్నవా? మొన్నటిదాంక మసక. ఇప్పుడు దోమ మీసం సుత కనవడ్తది నాకు. గీ మొక్క సూడు. గిది పొద్దుతిరుగుడా, పొద్దున లేవనిదా?"

"బావా, గదే సంచి, గదే ఇత్తనం," అన్నాడు పరమేశ్వర్. ఇస్త్రీ అంగీ వేసుకొని వచ్చినందుకు అప్పటికే చింతిస్తున్నాడు. "సగం మొక్కలు నీ నెత్తి మీదికి పోయినయి. సగం మోకాలు దాటలే. ఒక్క సంచిల రెండు తీర్ల ఇత్తనం ఎట్లుంటది?"

"గదే నేను అడుగుతున్న! పైన మంచియి, అడుక్కు తాలు. టమాటల గంప సదిరినట్టు సదిరినవు." అని విమలమ్మ వైపు తిరిగాడు. "ఇగో, ఇన్నవా? మీ తల్లిగారి నవీపేటోళ్లు మన పెండ్లిల గూడ గిట్లనే జేసిండ్రు. ముందల బంతికి లడ్డు, ఎనుక బంతికి బూంది."

విమలమ్మ కొంగు నోట్లోంచి తీసి, "లడ్డు చెదిరితే బూందే గదా" అన్నది. తీసినందుకు వెంటనే పశ్చాత్తాపపడి మళ్లీ కుక్కుకుంది.

"రేపు పొద్దుగాల నీ దుకాణం ముంగట టెంటు ఏస్త," అన్నాడు హన్మండ్లు పరమేశ్వర్‌తో. "గీ మొక్కలు తెచ్చి నీ గల్లాపెట్టె మీద పెడ్త. బోధన్ బోధనంత సూడాలె."

పరమేశ్వర్ మొహం చిన్నబోయింది. కుసుమ అయినా నువ్వు అయినా సోయా అయినా, చుట్టూ ఇరవై ఊళ్లు అతని మాట మీద విత్తనం తీసుకుపోతాయి. అలాంటి దుకాణం ముందు సొంత బావ టెంటు వేస్తే, ఇంక ఆ దుకాణంలో టెంటు సామానే అమ్ముకోవాలి. విమలమ్మ తమ్ముడి వైపు చూసింది. చిన్నప్పుడు తన జడ పట్టుకొని తిరిగిన పిల్లగాడు. విత్తనంలో మోసం చేసే రకం కాదు. కానీ మొక్కలు మాత్రం కళ్ల ముందు మోకాటెత్తున నిలబడి ఉన్నాయి.

అప్పుడు వచ్చింది స్కూటీ. దాని మీద నుంచి టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి దిగింది.

"మేడం రాలేదా బిడ్డా?" అని అడిగాడు హన్మండ్లు.

"నేనే మేడం," అన్నది అంకిత. నిజామాబాద్ పిల్ల, వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ ఆమెకు అలవాటై, నవ్వడం కూడా మానేసింది. "ఎక్కడ పెరగలేదు, చూపించండి. ఒక పార, గడ్డపార కావాలి."

విమలమ్మకు తోడుగా వచ్చిన గంగుబాయి గడ్డపార అందిస్తూ ఆమె చెవిలో గొణిగింది. "అగే బాయీ, గీ పోరి మందు కొట్టుమని చెప్పి పోతది. నువ్వేం ఫికర్ జెయ్యకు."

అంకిత మందు సంగతి ఎత్తలేదు. మొదట ఒక నిలువెత్తు మొక్క దగ్గర గడ్డపార మోపి వాలింది. పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టినంత సుళువుగా అది నేలలోకి దిగింది. తర్వాత నాలుగడుగులు జరిగి, పొట్టి మొక్క దగ్గర మోపింది. జానెడు లోపలికి పోయి, ఠంగుమని ఆగింది. ఆమె తన బరువంతా వేసింది. గడ్డపార కదలలేదు.

"కింద బండ ఉన్నట్టుంది," అన్నాడు భీమన్న. ఆయన పక్క చేను రైతు, పెద్దమనిషి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరుకు పండించినవాడు.

"బండ కాదు బాపూ, మన్నే," అన్నది అంకిత. రెండు మొక్కలనూ వేర్లతో తవ్వి తీయించి, గట్టు మీద పక్కపక్కన పడుకోబెట్టింది. అందరూ వంగి చూశారు.

పెద్ద మొక్క తల్లివేరు ముల్లంగి లెక్క సక్కగా కిందికి దిగింది. పొట్టి మొక్క వేరు జానెడు దాకా సక్కగానే పోయి, అక్కడ గోడకు తగిలిన మనిషి లెక్క ఆగి, మోచేయి వంచినట్టు పక్కకు తిరిగి, అడ్డంగా పాకింది. పిల్లవేర్లన్నీ పైపైనే జడ చిక్కు పడ్డట్టు ఉన్నాయి.

"గీ మొక్క కిందికి పోనందుకు అడ్డం పోయింది," అన్నాడు పరమేశ్వర్, ప్రాణం లేచొచ్చినవాడిలా. "అయితే ఇత్తనం తప్పు కాదు గద మేడం?"

"విత్తనం ఒకటే. రెండూ ఒక సంచివే. నేల వేరు," అన్నది అంకిత. గుంట అంచు నుంచి మట్టి పెళ్ల ఒకటి పెరికి చూపించింది. పైమట్టి పొడిపొడిగా, పిండిలా ఉంది. దాని కింద పెళ్ల మాత్రం పలకలు పలకలుగా, మాడిన రొట్టె లెక్క ఉంది. "పైన రోటవేటర్ కొట్టించారు, మెత్తగా కనిపిస్తుంది. కానీ అది జానెడు లోతే దున్నుతుంది. దాని కింద నేల అణిగిపోయి ఉంది. వేరు దిగదు. నీళ్లు పెడితే నీళ్లు కూడా దిగవు, అక్కడే నిలబడి వేరుకు గాలి ఆడనియ్యవు. పైన మీరు ఎరువేస్తే మొక్కకు అందదు. పొద్దుతిరుగుడుకు బతుకంతా తల్లివేరులోనే ఉంటుంది. అది దిగకపోతే పువ్వు చిన్నగా వస్తుంది, వచ్చిన గింజ కూడా సగం తాలే. నూనె గానుగకు తీసుకుపోయినా మీకు పొట్టే మిగుల్తది."

"ఔ, నిజమే," అన్నాడు భీమన్న, మెల్లగా ఏదో గుర్తొచ్చి. "చెరుకు లారీలు చేన్లకు వచ్చినప్పుడు, అవి తిరిగిన బాటల మీద మరుసటేడు నువ్వులు ఏస్తే మొలిచేటియి గాని, పెరగకపోయేటియి. మేం దేవుని మీద ఏసినం. దేవుని తప్పు లేకుండె."

"మరి గీడ అణిచిందెవరు?" అన్నాడు హన్మండ్లు. "లారీ రాలే. ఏనుగు రాలే."

"తడి నేల మీద బరువైన బండి తిరిగింది," అన్నది అంకిత. "ట్రాక్టర్ అయ్యుంటది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ."

విమలమ్మ మోచేయి గంగుబాయి పక్కటెముకలను వెతుక్కుంది. అంతలోనే గంగుబాయి మోచేయి విమలమ్మ పక్కటెముకలను వెతుక్కుంది. ఇద్దరివీ ఒకేసారి తగిలాయి.

ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ ముసురు రోజులు, చక్రాలకు అంటుకున్న నల్లబురద, "ఇంకొక్క ఎనిమిది, ఒక్కటే" అని గంగుబాయిని బతిమాలి తిప్పిన ఎనిమిదులు. ఒక్కొక్క తిప్పుకూ ఆమె గుండె ఎంత పైకి లేచిందో, కింద నేల అంత కిందికి కూర్చుంది. తమ్ముడి దుకాణం ముందు లేవబోయే టెంటుకు గుంజలు పాతింది తనేనన్నమాట.

"గీడ బండెందుకు తిరుగుతది మేడం," అన్నది గంగుబాయి, అడగకుండానే, అవసరానికి మించి గట్టిగా. "గీ చేన్ల గాలి సుత తిరగది."

"ఎక్కడెక్కడ అణిగిందో పైనుంచి చూస్తే తెలుస్తుంది," అన్నది అంకిత. బోరు దగ్గరి సిమెంటు తొట్టి గోడ ఎక్కి నిలబడి, చేను మీదికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత టోపీ వెనక్కి నెట్టుకుంది.

"హన్మండ్లు గారూ, ఒకసారి పైకి రండి."

హన్మండ్లు ఎక్కాడు. భీమన్న ఎక్కాడు. ఇస్త్రీ అంగీని మరిచిపోయి పరమేశ్వర్ కూడా ఎక్కాడు. విమలమ్మ ఎక్కలేదు. అక్కడ ఏముందో ఆమెకు తెలుసు.

నిండుగా నిలబడ్డ పచ్చని పువ్వుల మధ్య, పొట్టి మొక్కలు రెండు గుండ్రాలు గీశాయి. ఒకదానికొకటి అంటుకొని, నడుమ నడుము సన్నగా, ఎవరో పంతులు బల్ల మీద సుద్దతో రాసినంత పొందికగా, ఎనిమిది.

"శివశివా," అన్నాడు భీమన్న. "ఎవడో ముగ్గేసిండు. అమాసకు ఏసిన ముగ్గు. హన్మండ్లూ, నీ మీద ఎవరికో పగ ఉన్నది."

"ముగ్గు కాదు. అంకె," అన్నాడు పరమేశ్వర్. "ఎనిమిది. బావా, నీకు ఎనిమిదిల ఏమన్న గండం చెప్పిండ్రా?"

"ఇది డ్రైవింగ్ ఎనిమిది," అన్నది అంకిత. ఆమె గొంతులో అధికారం పోయి, మెచ్చుకోలు వచ్చింది. "ఎవరో ఇక్కడ పరీక్షకు తయారయ్యారు. ఎవరోగానీ చెయ్యి భలే నిలకడ. ఎన్నిసార్లు తిప్పినా చక్రం అదే జాడలో పడ్డది, ఒక్క సాలు పక్కకు పోలేదు. నేను మా నాన్న కారుతో నేర్చుకున్నప్పుడు నా ఎనిమిది పకోడీ లాగ వచ్చేది."

కింద నిలబడ్డ విమలమ్మకు చెవులు వేడెక్కాయి. భయంతోనే. సగం భయంతో. పెండ్లయి ఇన్నేళ్లలో ఆమె చేసిన పనిని నలుగురు తల పైకెత్తి చూసింది లేదు. అప్పాలు బాగున్నాయంటే నూనె మంచిదన్నారు, పసుపు బాగా ఉడికిందంటే కాగు మంచిదన్నారు. ఇప్పుడు ఆమె పని చేను నిండా అందరికీ కనబడుతోంది. తనదని చెప్పుకోవడానికి లేదు.

చెప్పాలి, అనుకుంది. తమ్ముణ్ని దొంగ అంటుంటే ఊరుకోకూడదు. పరీక్ష పోతే పోయింది. నోట్లోంచి కొంగు తీసింది.

"ఆగండి, ఇంకోటుంది," అన్నది పైనుంచి అంకిత. "అటు చూడండి. ట్రాక్టర్ షెడ్డు దగ్గర మొదలై ఇంకో పొట్టి గీత. ఇది వేరే మనిషిది."

విమలమ్మ కొంగు సగంలో ఆగింది. రెండో గీతా? తను షెడ్డు దగ్గర ఎప్పుడూ నేర్చుకోలేదు. గంగుబాయి వైపు చూసింది. గంగుబాయి తల అడ్డంగా ఊపింది. నేను కాదు, దేవుని తోడు.

"ఇది సక్కగా లేదు. కల్లు తాగి ఇంటికి పోయిన దారి లాగ ఉంది," అంటోంది అంకిత. "పోయిన జాడలోనే వెనక్కి వచ్చినట్టుంది, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. వీళ్లకు బండి మలపడం రాదు. ఆ చివర కంచె రాయికి కొట్టుకొని ఆగారు. చూడండి, రాయి వంగిపోయింది."

"ఆ రాయిని అడివి పంది గుద్దింది," అన్నాడు హన్మండ్లు.

ఆయన అది మరీ తొందరగా అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు.

తొట్టి గోడ మీది వాళ్లందరూ ఆయన వైపు తిరిగారు. రాతి కడీని గుద్ది వంచే పంది ఈ జిల్లాలో ఉంటే వేటగాళ్లు వేరే పని వెతుక్కోవాల్సిందే. కింద విమలమ్మ మనసులో చకచకా లెక్క కట్టుకుంది. ఆయన ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక తను నవీపేట్‌లో మేనమామ దినాలకు పోయింది. చేను అప్పటికి ఇంకా విత్తలేదు, నేల ఆరలేదు. తిరిగొచ్చేసరికి రాయి వంగి ఉంది, పంది కథ తయారుగా ఉంది, ఆయన భుజానికి జండూబామ్ ఉంది.

మొగుడు కూడా దొంగచాటుగా నేర్చుకున్నాడు! అదే చేనులో! అదే బండి మీద! విమలమ్మకు నవ్వు పొట్టలో నుంచి పొంగుకొచ్చింది. దాన్ని ఆపడానికి మళ్లీ కొంగే దిక్కయింది.

"బావా," అన్నాడు పరమేశ్వర్, చాలా నెమ్మదిగా, బెల్లం ముక్క చప్పరించినట్టు. "ఆ పందికి లైసెన్సు ఉన్నదా?"

నవ్వులు లేచాయి. హన్మండ్లు మొహంలో రంగులు మారాయి. తోలడం రాదన్న రహస్యం బయటపడ్డది, నేర్చుకున్నా రాలేదన్న రహస్యం దాని వెనకే బయటపడ్డది. మనిషి ఒక్క నిమిషం తొట్టి మీద బిక్కచచ్చి నిలబడ్డాడు. తర్వాత ఆయన కళ్లు ఆ ఎనిమిది మీదికి పోయాయి. ఆ చూపు విమలమ్మకు తెలుసు. సంతలో ఎవరూ లేని ఎడ్లబండి కనబడ్డప్పుడు మనుషులు చూసే చూపు.

"ఔ, నేనే," అన్నాడు. ఛాతీ మెల్లమెల్లగా మళ్లీ గాలి పోసుకుంది. "నేనే నేర్చుకున్న. గా గీత మొదలు కొట్టింది. కొత్తల ఎవడైన వంకరనే పోతడు. తర్వాత చెయ్యి కుదిరింది. అప్పుడు కొట్టిన గా ఎనిమిది."

"గది నువ్వే కొట్టినవా?" అన్నాడు భీమన్న, ఆశ్చర్యపడి.

"మరెవడు కొడ్తడు? నా చేను, నా బండి. చెప్పుకునుడెందుకని ఊకున్న. మేడం చెప్పింది ఇన్నరు గద? నిలకడ! పుట్టుకతో రావాలె గది."

భీమన్న ఆయన భుజం తట్టాడు. ఇంకెవరో శాబాష్ అన్నారు. పరమేశ్వర్ మీద పడ్డ నింద నేల మీదికి, నేల మీది నింద హన్మండ్లు గొప్ప మీదికి పోయి, అక్కడ మెడలో దండ వేసుకొని కూర్చుంది. గంగుబాయి విమలమ్మ చేయి నొక్కింది. "బతికిపోయినవు పో. తమ్ముడు బయటపడ్డడు, నీ సోమవారం సుత బయటపడ్డది. దేవుడున్నడు."

నిజమే. అన్నీ కుదిరాయి. నోరు మూసుకుంటే చాలు. ఇంట్లో కూర బాగా కుదిరినట్టు నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవాల్సిన సమయం. కానీ విమలమ్మకు ఎందుకో ఊపిరి సగంలో అడ్డం తిరిగింది, ఆ పొట్టి మొక్క వేరు లెక్క.

పసుపు మెప్పు కాగుకు ఇచ్చింది. పేరు కాగితాలకు ఇచ్చింది. బండికి తన పేరు పెట్టుకొని తాళంచెవి ఆయన నడుముకు ఇచ్చింది. ఎనిమిది కూడా ఇవ్వాలా?

అంకిత తొట్టి దిగి గట్టు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పుకుపోతోంది. ఎండాకాలం నేల బాగా ఎండాక లోతు దుక్కి దున్నించాలని, పెంట ఎరువు బాగా తోలాలని, బండి ఎప్పుడు దిగినా ఒకే బాటలో తిరగాలని. "అన్నిటికన్నా ముందు, మట్టిని పిడికిట్లో పట్టి ఉండ చెయ్యండి. కింద వేస్తే పగలాలి. పగలకపోతే ఆ రోజు చేనులో బండి పెట్టొద్దు. ఎనిమిది కొట్టాలని ఎంత ముచ్చటున్నా సరే."

"ఏం ముచ్చట మేడం, అలవాటు," అన్నాడు హన్మండ్లు, చెయ్యి ఊపి.

పరమేశ్వర్ అప్పటిదాకా అంగీ మీది మట్టి దులుపుకుంటున్నాడు. ఇప్పుడు ఆపాడు. గంట సేపు నలుగురి ముందు తాలు విత్తనాలు అమ్మేవాడని మాటలు పడ్డ మనిషి. అతని కండ్లలో చిన్నప్పటి పిల్లగాడు కనబడ్డాడు విమలమ్మకు. అదే ఆమెకు భయమైంది.

"బావా, నాకొక కోరిక," అన్నాడు. "ఇంత నిలకడగల ఎనిమిది నేనెన్నడు సూడలే. ఒక్కటి కొట్టి సూపియ్యి. చేన్ల వద్దు, మేడం తిడ్తది. గా షెడ్డు ముంగట కళ్లం ఉన్నది గద, గట్టి నేల. వీడియో తీసి నా దుకాణం గ్రూపుల పెడ్త. రైతులందరు సూడాలె, నేర్చుకోవాలె."

"గిప్పుడా?" అన్నాడు హన్మండ్లు. "ఎండ."

"ఎండ పుట్టుకతో వచ్చిన నిలకడను ఏం జేస్తది బావా?"

"కొట్టు హన్మండ్లూ," అన్నాడు భీమన్న, నిజంగా ముచ్చటపడి. "మేం గూడ సూస్తం."

హన్మండ్లు చుట్టూ చూశాడు. తప్పించుకునే దారి లేదు, ఉన్న దారుల్లో మనుషులు నిలబడి ఉన్నారు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. ట్రాక్టర్ ఎక్కాడు. ఎక్కడం మాత్రం బాగా ఎక్కాడు.

బండి దగ్గింది, వణికింది, లేచింది. పరమేశ్వర్ కళ్లం ఆ చివర, అంకిత స్కూటీ పక్కన నిలబడి ఫోన్ పైకెత్తాడు. బండి ముందుకు కదిలింది. హన్మండ్లుకు వచ్చిన విద్య ముందుకు పోవడం, వెనక్కి రావడం వరకే కాబట్టి అది బాగానే సాగింది. కళ్లం నడుముకు వచ్చింది. అక్కడ మలపాలి. ఆయన స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకొని, గుడిలో గంట తాడును పట్టుకున్నంత భక్తిగా పట్టుకొని, ముందుకే చూస్తున్నాడు. బండి మలగలేదు.

"బావా, తిప్పు!" అన్నాడు పరమేశ్వర్, ఫోన్‌లోంచి చూస్తూ. ఫోన్‌లో ట్రాక్టర్ చిన్నగానే కనబడుతోంది కాబట్టి అతనికి ఇంకా భయం పుట్టలేదు.

"నా స్కూటీ!" అన్నది అంకిత.

విమలమ్మ ఏమీ అనుకోలేదు. అనుకునే టైము లేదు. నోట్లోంచి కొంగు ఎప్పుడు ఊడిందో తెలియదు. గట్టు మీద నుంచి రెండంగల్లో కళ్లం మీదికి వచ్చి, బజార్ల పోయే మేకలకు సుత వినబడేటట్టు అరిచింది.

"ఎడమకు తిప్పు! ఎడమకు! ఎడమ బ్రేకు తొక్కు! రెండు తొక్కకు, ఎడమదొక్కటే! వేగం తగ్గియ్యి, పూరా తిప్పు!"

పెండ్లయినప్పటి నుంచి హన్మండ్లు ఆమె చెప్పింది చెప్పినట్టు చేసిన సందర్భం ఇదే మొదటిది. ఎడమకు తిప్పాడు. ఎడమ బ్రేకు తొక్కాడు. బండి ఎడమ చక్రం నిలబడి, కుడి చక్రం దాని చుట్టూ తిరిగి, ట్రాక్టర్ దుమ్ము లేపుకుంటూ గిర్రున మలిగింది. పరమేశ్వర్ ఇస్త్రీ అంగీకీ పెద్ద చక్రానికీ నడుమ ఒక చాయ్ గ్లాసు పట్టేంత జాగా మిగిలింది. బండి ఒక్క జర్కు కొట్టి ఆగిపోయింది.

దుమ్ము దిగింది.

మొదట మాట్లాడింది పరమేశ్వరే. ఫోన్ ఇంకా ఎత్తే ఉంది. అది ఇప్పుడు ట్రాక్టర్ వైపు లేదు.

"అక్కా," అన్నాడు. "ట్రాక్టర్‌కు ఎడమ బ్రేకు ఏరే, కుడి బ్రేకు ఏరే ఉంటయని నీకెట్ల ఎరుక?"

పొద్దుతిరుగుడు పువ్వులు సూర్యుని వైపు తిరుగుతాయంటారు. పూర్తిగా విచ్చుకున్నాక తిరగవు, తూర్పుకే ఉంటాయి. ఆ రోజు తిరిగినవన్నీ తలకాయలే. భీమన్నది తిరిగింది. అంకితది తిరిగింది. గంగుబాయి మాత్రం ఆకాశం వైపు తిరిగింది.

"నాకు సుత ఎరుక లేకుండె," అన్నాడు భీమన్న, ఒక్కొక్క మాటా తూకమేసుకుంటూ. చేను వైపు చూశాడు, ట్రాక్టర్ వైపు చూశాడు, విమలమ్మ పాదాల వైపు చూశాడు. "హన్మండ్లుకు మలుపుడు రాదు. మరి గా ఎనిమిది..."

హన్మండ్లు సీటు మీద నుంచి కిందికి వంగి చూస్తున్నాడు. ఆపరేషన్ అయిన కన్ను, కాని కన్ను, రెండూ ఆమె మీదే ఉన్నాయి. కోపమో, సిగ్గో, ప్రాణభయం తీరలేదో, ఆ మొహంలో ఏముందో పోల్చుకోలేకపోయింది.

"ఇమలా," అన్నాడు. నలుగురిలో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "గా ఎనిమిది ఎవరు కొట్టిండ్రు?"

ఒక్క మాట చాలు. గంగుబాయి అని చెప్పొచ్చు. కిరాయికి తోలే మనిషి, ఎవరైనా నమ్ముతారు, గంగుబాయి కాదనదు. రేపు సోమవారం సల్లగా ఉంటుంది. విమలమ్మ గంగుబాయి వైపు చూసింది. ఆకాశంలో వెతుక్కుంటున్న గంగుబాయి, వెతుకుతూనే, చెప్పేయమన్నట్టు తల ఊపింది.

విమలమ్మ కొంగును ఇంకోసారి చేతిలోకి తీసుకుంది. నోటి దాకా తీసుకుపోలేదు. చుట్టూ తిప్పి నడుముకు బిగించింది. ట్రాక్టర్ దగ్గరికి నడిచి, ఎక్కే మెట్టు మీద ఎడమ కాలు పెట్టింది. పరమేశ్వర్ ఫోన్ ఆమె వెంటే వచ్చింది.

"ఇగో," అన్నది మొగుడితో, "ముందుగాల నువ్వు దిగు."